పోర్ట్ 445: ఇంట్లో ఉండాల్సిన తలుపు వీధిలోకి తెరుచుకుంటే..

దుకాణంలోనో, ఆఫీసులోనో రెండు మూడు విండోస్ కంప్యూటర్లు ఉంటే, ఒకదానిలోని ఫోల్డర్‌ను మరోదాని నుంచి తెరవడం మామూలే. బిల్లుల ఫైళ్లు లోపలి కంప్యూటర్‌లో ఉంటాయి, కౌంటర్ దగ్గర కూర్చున్నవాళ్లు వాటిని అక్కడి నుంచే చూసుకుంటారు. ఈ రాకపోకలు జరిగేది పోర్ట్ 445 ద్వారా.

పోర్ట్ అంటే ఏమిటి?

ఇది యూఎస్‌బీ పోర్ట్‌లా కంటికి కనిపించేది కాదు. ఐపీ అడ్రస్ ఒక అపార్ట్‌మెంట్ చిరునామా అనుకుంటే, పోర్ట్ అందులోని ఫ్లాట్ నంబర్ లాంటిది. ఈ నంబర్లు 0 నుంచి 65,535 వరకు ఉంటాయి. వెబ్‌సైట్లు ఎక్కువగా 80, 443 వాడతాయి. ఫైళ్లు, ప్రింటర్లు పంచుకునే ఎస్ఎంబీ అనే పద్ధతికి 445 కేటాయించారు. మొదట్లో ఈ పని పోర్ట్ 139 మీద నడిచేది. విండోస్ 2000 నుంచి నేరుగా 445 మీద నడుస్తోంది.

2017లో ఏం జరిగింది?

పాత ఎస్ఎంబీలోని లోపాన్ని సరిచేస్తూ మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14న అప్‌డేట్ ఇచ్చింది. చాలామంది పట్టించుకోలేదు. మే 12న 'వానాక్రై' విరుచుకుపడింది. ఫైళ్లకు తాళం వేసి, బిట్‌కాయిన్ రూపంలో 300 డాలర్లు ఇస్తేనే తీస్తామంది. దాదాపు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు చిక్కుకున్నాయి. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆసుపత్రులు అపాయింట్‌మెంట్లు రద్దు చేయాల్సి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దెబ్బతిన్నాయని అప్పట్లో వార్తలొచ్చాయి. ఎవరూ లింకు నొక్కకపోయినా, 445 తెరిచి ఉండి, అప్‌డేట్ లేని కంప్యూటర్లను వెతుక్కుంటూ అది తనంతట తానే పాకింది.

ఏం చేయాలి?

* ఇంటర్నెట్ వైపు నుంచి 445 మూసే ఉండాలి. రౌటర్ సెట్టింగ్స్‌లో 'పోర్ట్ ఫార్వర్డింగ్' కింద ఆ నంబర్ కనిపిస్తే తీసేయాలి. బయటి నుంచి ఫైళ్లు కావాలంటే వీపీఎన్ వాడుకోవాలి.
* విండోస్ అప్‌డేట్లను వాయిదా వేయకూడదు. అప్‌డేట్లు రాని పాత విండోస్ కంప్యూటర్‌ను నెట్‌కు దూరంగా ఉంచడమే మేలు.
* ఎస్ఎంబీ మొదటి వెర్షన్‌ను 'విండోస్ ఫీచర్స్' జాబితాలో ఆపేయాలి. కొన్ని పాత స్కానర్లు దీని మీదే ఆధారపడతాయి కాబట్టి, ఆపాక అవి పనిచేస్తున్నాయో లేదో చూసుకోవాలి.
* హోటల్, రైల్వే స్టేషన్ వైఫైకి కలిపినప్పుడు 'పబ్లిక్ నెట్‌వర్క్' ఎంచుకోవాలి. అప్పుడు మామూలుగా ఫైల్ షేరింగ్ ఆగిపోతుంది.
* ఫోల్డర్‌ను 'ఎవ్రీవన్'కు షేర్ చేయకుండా, అవసరమైనవాళ్లకే పాస్‌వర్డ్‌తో ఇవ్వాలి.
* ముఖ్యమైన ఫైళ్ల కాపీని విడి హార్డ్‌డిస్క్‌లో దాచి, పని అయ్యాక దాన్ని ఊడదీయాలి. తగిలించే ఉంచితే తాళం దానికీ పడుతుంది.

ఫైల్ షేరింగ్ అక్కర్లేని కంప్యూటర్‌లో దాన్ని పూర్తిగా ఆపేయొచ్చు. అవసరమున్నచోట 445 గదికీ గదికీ మధ్య తలుపులా ఉండాలి. అది వీధి తలుపు కాకుండా చూసుకుంటే చాలు.