ధ్రువసీమకు కంకర బాట

కెనడా వాయవ్య మూలన, యూకాన్ ప్రాంతంలో, డాసన్ అనే చిన్న పట్టణం ఉంది. 1896లో క్లోండైక్ వాగుల్లో బంగారం బయటపడినప్పుడు రెండు మూడేళ్లలోనే నగరంగా పెరిగి, అంతే వేగంగా ఖాళీ అయిన పట్టణమది. దానికి తూర్పున సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ప్రధాన రహదారి నుంచి ఒక కంకర రోడ్డు ఉత్తరానికి చీలుతుంది. టూంబ్‌స్టోన్ కొండల నడుమ సాగి, ఓగిల్వీ నదిని వెన్నంటి, ఈగిల్ ప్లెయిన్స్ మెట్టభూములెక్కి, 405వ కిలోమీటరు వద్ద ఆర్కిటిక్ వలయరేఖను దాటుతుంది. ఆపైన రిచర్డ్‌సన్ పర్వతాలను అధిగమించి, పీల్, మెకెంజీ నదులను దాటి ఇనూవిక్ చేరుతుంది. మొత్తం నిడివి సుమారు 735 కిలోమీటర్లు. మొదటి సగంలో ఒక పల్లె అయినా తగలదు. దీని పేరు డెంప్‌స్టర్ రహదారి.

డెంప్‌స్టర్ ఒక పోలీసు ఉద్యోగి. దారి కనిపెట్టినవాడు కాడు, రోడ్డు వేసినవాడూ కాడు. దారి తప్పి మరణించిన నలుగురిని వెదకి కనుగొన్నవాడు. ఒక రహదారికి ఆ కారణంగా పేరు రావడం వింతగానే తోస్తుంది. ఆ నలుగురు దారి ఎందుకు తప్పారో విచారిస్తే, రహదారి చరిత్రలో సగం తెలిసివస్తుంది.

ఈ ప్రాంతానికి గ్విచిన్ ప్రజలు తరతరాల నివాసులు. కారిబూ అనే దుప్పిజాతి మృగాల మందల వెంట, ఋతువును బట్టి తావు మార్చుకుంటూ కొండలకు ఇరువైపులా తిరిగేవారు. మంచుయుగంలో కెనడా అధికభాగం హిమానీనదాల కింద అణగి ఉన్నా, యూకాన్ ఉత్తరభాగంలో చాలాచోట్ల మంచుపలక ఏర్పడలేదు. అందువల్ల అక్కడి లోయలూ కొండవాలులూ నునుపుదేరి, ఒకదానినొకటి పోలి ఉంటాయి. ఏ వాగు ఎటు పోతుందో, ఏ వాగు వెంట ఎక్కితే కనుమ వస్తుందో నడిచినవారికే తెలుస్తుంది. బంగారపు వెల్లువలో వేలాదిమంది డాసన్‌లో దిగినప్పుడు, పీల్ నది గ్విచిన్ వేటగాళ్లు కొండలు దాటి వచ్చి మాంసం అమ్మేవారు. అంటే ఫోర్ట్ మెక్‌ఫర్సన్‌కూ డాసన్‌కూ మధ్య బాట పోలీసులు రాకముందే నడకలో ఉన్నది.

రాయల్ నార్త్ వెస్ట్ మౌంటెడ్ పోలీసు దళం 1904 చలికాలం నుంచి ఏటా ఆ బాట మీద ఒక గస్తీ నడిపింది. కుక్కలు లాగే మంచుబళ్ల మీద ఉత్తరాలూ నివేదికలూ చేరవేయడం దాని పని. దూరం సుమారు 765 కిలోమీటర్లు. మామూలుగా గస్తీ డాసన్‌లో బయలుదేరి ఉత్తరానికి వెళ్లేది. 1910లో మాత్రం ఇన్‌స్పెక్టర్ ఫ్రాన్సిస్ ఫిట్జెరాల్డ్ ఫోర్ట్ మెక్‌ఫర్సన్ నుంచి దక్షిణానికి బయలుదేరాడు. ఆయన అసమర్థుడేమీ కాదు. 1903లో ఆర్కిటిక్ సముద్రంలోని హెర్షెల్ ద్వీపంలో పోలీసు ఠాణా నెలకొల్పిన అనుభవశాలి. మరుసటి ఏడు లండన్‌లో జరగనున్న ఐదవ జార్జి పట్టాభిషేకానికి వెళ్లే కెనడా దళంలో ఆయన పేరుంది. ఆ జార్జి చక్రవర్తే 1911 డిసెంబరులో ఢిల్లీ దర్బారు తీర్చాడని భారతీయ పాఠకుడికి గుర్తుండే ఉంటుంది. సామ్రాజ్యం ఒక మూల దర్బారు పందిళ్లు వేయించుకుంటున్న కాలంలోనే, ఇంకొక మూల నలుగురు సేవకులను మంచులోకి పంపింది.

ఫిట్జెరాల్డ్ వెంట కానిస్టేబుళ్లు కిన్నీ, టేలర్, మార్గదర్శిగా మాజీ కానిస్టేబుల్ కార్టర్ ఉన్నారు. డిసెంబరు 21న 3 బళ్లు, 15 కుక్కలతో బయలుదేరారు. వేగంగా వెళ్లాలన్న తలంపుతో బరువు తగ్గించి, 30 రోజులకు సరిపడే తిండి మాత్రమే తీసుకున్నారు. కార్టర్ ఆ దారిన అంతకుముందు ఒక్కసారే నడిచాడు. అదీ నాలుగేళ్ల కిందట, ఎదురు దిశలో. కొండదారి తెలిసినవారికి ఈ మాట చాలు. వెళ్లేటప్పుడు చూసిన కొండ వచ్చేటప్పుడు వేరే కొండ.

దారిలో ఒక గ్విచిన్ విడిది తగిలింది. ఈసా జార్జ్ అనే గ్విచిన్ మనిషిని కొద్దిరోజులు కూలికి కుదుర్చుకున్నారు. 1911 జనవరి 1న, ఇక కార్టర్ చూసుకుంటాడని, ఈసాను లెక్క చెల్లించి పంపివేశారు. మిగిలినదంతా ఆ ఒక్క నిర్ణయం నుంచి వచ్చినదే. జనవరి 12 నుంచి ఫారెస్ట్ క్రీక్ అనే వాగు కోసం వెదకసాగారు. దాని వెంట పోతేనే కనుమ. ఒక వాగు ఎక్కి వెనక్కు రావడం, మరొకటి ఎక్కి వెనక్కు రావడం. చలి కొన్ని రోజులు సున్నాకు దిగువన 50 డిగ్రీల సెల్సియస్ దాటింది. ఫిట్జెరాల్డ్ రాసుకున్న దినచర్యలో ఈ వెదుకులాట పొడిపొడి మాటల్లో ఉన్నది. కార్టర్‌కు దారి బొత్తిగా తెలియదని ఆయన ఒప్పుకొనేసరికి జనవరి 17. తిండి దాదాపు అయిపోయింది. మరునాడు వెనక్కు తిరిగారు.

తిరుగుదారిలో ఒక్కొక్క కుక్కనే చంపి తిన్నారు. ఫిట్జెరాల్డ్ చివరిసారి దినచర్య రాసిన ఫిబ్రవరి 5 నాటికి ఐదు కుక్కలే మిగిలాయి. చివరికి తోలు పట్టీలు కూడా నమిలారు. కిన్నీ, టేలర్ నడవలేక ఒకచోట ఆగిపోయారు. ఫిట్జెరాల్డ్, కార్టర్ సాయం తేవడానికి ముందుకు సాగి, ఫోర్ట్ మెక్‌ఫర్సన్ ఇంకా సుమారు 40 కిలోమీటర్లు ఉందనగా మరణించారు. కార్టర్ ముందుగా పోయాడు. అతని చేతులు ఎదమీద కట్టి, ముఖం మీద రుమాలు కప్పిన తర్వాతే ఫిట్జెరాల్డ్ ప్రాణం విడిచాడని అక్కడి ఆనవాళ్లు చెప్పాయి. తన కొద్దిపాటి ఆస్తి తల్లికి చెందాలని కాగితం ముక్క మీద బొగ్గుతో రాసిన వీలునామా ఆయన వద్ద దొరికింది.

గస్తీ చేరలేదన్న సంగతి డాసన్‌కు ఎలా తెలిసింది? ఫిబ్రవరి మూడవ వారంలో ఉత్తరాన్నుంచి కొందరు గ్విచిన్లు పట్టణానికి వచ్చారు. వారిలో ఈసా జార్జ్ ఉన్నాడు. సంక్రాంతి వేళకు ముందే తాను విడిచివచ్చిన మనుషులు ఇంకా రాలేదా అన్న ప్రశ్నతో పోలీసులు ఉలిక్కిపడ్డారు. అవసరం లేదని పంపివేసిన మనిషి మాటే వెదకడానికి ఆధారమయింది. ఫిబ్రవరి 28న కార్పొరల్ విలియం డెంప్‌స్టర్ ముగ్గురితో బయలుదేరాడు. వారిలో చార్లీ స్టూవర్ట్ గ్విచిన్ మార్గదర్శి. ఆయనను డెంప్‌స్టర్ మధ్యలో పంపివేయలేదు. మార్చి 21, 22 తేదీల్లో నాలుగు దేహాలూ దొరికాయి. 28న ఫోర్ట్ మెక్‌ఫర్సన్‌లో పక్కపక్కనే ఖననం చేశారు. ఆ తర్వాత బాట మీద గుర్తులు పెట్టించి, అక్కడక్కడ తిండి నిలవలు ఉంచారు. ఆ గస్తీ మరి దారి తప్పలేదు.

ఇక రోడ్డు సంగతి. 1958 ఎన్నికల్లో ప్రధాని జాన్ డీఫెన్‌బేకర్ ఉత్తరభూముల సంపదకు దారులు వేస్తానని వాగ్దానం చేశాడు. ప్రతిపక్ష నాయకుడు లెస్టర్ పియర్సన్ దాన్ని ఇగ్లూ నుంచి ఇగ్లూకు వేసే రోడ్లని ఎద్దేవా చేశాడు. ఈగిల్ ప్లెయిన్స్‌లో చమురు అన్వేషణ సాగుతున్నందువల్ల, 1959 జనవరిలో డాసన్ వైపు నుంచి పని మొదలైంది. సర్వేయర్లకు దారి చూపిన వారిలో ట్రొండెక్ హ్వెచిన్ తెగ వేటగాడు జో హెన్రీ ఒకడు. ఆయన 1911 నాటి కథ ఎరిగినవాడే అయి ఉండాలి. ఈసారి మార్గదర్శిని ఎవరూ తిప్పి పంపలేదు. కాని రోడ్డుకు పేరు పెట్టేవేళ ఆయన పేరు గాని, ఈసా పేరు గాని, స్టూవర్ట్ పేరు గాని ఎవరికీ తట్టినట్టు లేదు. డెంప్‌స్టర్ మంచి ఉద్యోగి, సాహసి. ఆ గౌరవానికి ఆయన అనర్హుడు కాడు. అయినా ఒకే ప్రయాణంలో కలిసి నడిచిన ఇద్దరిలో యూనిఫారం తొడిగిన వాడి పేరే పటానికెక్కింది.

నిర్మాణంలో అసలు చిక్కు నేల. అక్కడ పైన అడుగో రెండడుగులో వేసవిలో కరుగుతుంది, దాని కింద నేల ఏడాది పొడవునా గడ్డకట్టి ఉంటుంది. పైనున్న నాచుపొరను గీకేస్తే ఎండ వేడికి లోపలి మంచు కరిగి, నేల బురదగుంట అవుతుంది. అందుకని నాచును ముట్టకుండా, దాని మీదనే కంకర పోసి కట్టవేశారు. కట్ట మందం చోటును బట్టి సుమారు ఒక మీటరు మొదలు రెండు మీటర్లకు పైన ఉంటుంది. ఈ కట్ట దుప్పటిలా పనిచేసి కిందనున్న చలిని కాపాడుతుంది. మన వైపు రోడ్డు కింద నీరు నిలవకుండా చూస్తే చాలు. అక్కడ రోడ్డు కింద మంచు కరగకుండా చూడాలి.

అన్వేషణ ఆశించిన ఫలం ఇవ్వకపోవడంతోనూ, ఖర్చుల విషయమై కేంద్రానికీ ప్రాంతీయ ప్రభుత్వానికీ పొత్తు కుదరకపోవడంతోనూ 1961లో పని ఆగింది. అప్పటికి పూర్తయింది సుమారు 115 కిలోమీటర్లు. 1968లో పొరుగున అలాస్కాలోని ప్రూడో బే వద్ద అపారమైన చమురు నిక్షేపం బయటపడగానే ఒట్టావా మళ్లీ మేల్కొంది. ఓగిల్వీ, ఈగిల్ నదుల మీద వంతెనలను సైన్యపు ఇంజనీర్లు కట్టారు.

ఆ దశాబ్దంలోనే మరొక ముఖ్య సంఘటన జరిగింది. మెకెంజీ లోయ వెంట గ్యాసు గొట్టపు మార్గం వేయాలన్న ప్రతిపాదనపై న్యాయమూర్తి థామస్ బెర్గర్ 1974 నుంచి విచారణ జరిపాడు. నగరాల్లో నిపుణులను విని ఊరుకోక, 35 జనావాసాలకు స్వయంగా వెళ్లి, వేటగాళ్లూ వృద్ధులూ తమ భాషల్లో చెప్పినది విన్నాడు. గడిచిన శతాబ్దపు పాలకులు చేయని పని అది. లోయలో పదేళ్లపాటు గొట్టాలు వేయరాదనీ, ఉత్తర యూకాన్ తీరంలో ఎన్నటికీ వేయరాదనీ 1977లో నివేదించాడు. కారిబూ మంద ఈనే తావులు ఆ తీరంలో ఉన్నాయన్నది ఆయన చెప్పిన కారణాల్లో ఒకటి. రోడ్డు మాత్రం ఆగలేదు. 1979 ఆగస్టు 18న డెంప్‌స్టర్ రహదారి లాంఛనంగా ప్రారంభమైంది. చమురు కోసం మొదలైన రోడ్డు మీద చివరికి సాగినవి కిరాణా సరుకుల లారీలు, ఆసుపత్రికి పోయే రోగుల బళ్లు, పెళ్లిళ్లకు వచ్చే చుట్టాలు, వేసవి యాత్రికులు.

రహదారి తెరుచుకోగానే వేట తగాదాలు వచ్చాయి. పోర్కుపైన్ మంద అని పేరొందిన కారిబూలు శరత్కాలంలో ఆ రోడ్డును దాటుతాయి. వాహనాల్లో వచ్చినవారికి రోడ్డు పక్కనే జంతువులు దొరకసాగాయి. మందలో ముందు వచ్చేవాటిని పోనివ్వాలి, అవి దాటితేనే వెనుకవి ధైర్యంగా అనుసరిస్తాయి, ముందరి వాటిని కొడితే మంద దారి మార్చుకుంటుంది అని గ్విచిన్ పెద్దలు చెబుతూ వచ్చారు. ఆ మాట కొన్నేళ్లపాటు ప్రభుత్వ నిబంధనగా కూడా అమలైంది. 1992లో గ్విచిన్లతో భూ ఒప్పందం కుదిరింది. ఆ తర్వాత ఆ భూమి గురించి తీసుకునే నిర్ణయాల్లో వారి ప్రతినిధులకు చట్టబద్ధమైన స్థానం వచ్చింది.

2017 నవంబరు 15న ఇనూవిక్ నుంచి టుక్‌టోయాక్‌టుక్ వరకు సుమారు 138 కిలోమీటర్ల కొత్త రోడ్డు తెరిచారు. కెనడాలో ఏడాది పొడవునా నడిచే రోడ్డు ఆర్కిటిక్ సముద్రతీరానికి చేరడం అదే మొదటిసారి. అంతవరకు చలికాలంలో గడ్డకట్టిన నది మీదా సముద్రం మీదా వేసే మంచుదారే ఆ ఊరికి రోడ్డు. కొత్త రోడ్డు పనికి కూడా చలికాలాలనే ఎంచుకున్నారు, నేల గట్టిగా ఉండగా కంకర పోయాలని. అయితే ఉత్తరాన వాతావరణం వేడెక్కుతున్నకొద్దీ ఆ కంకర దుప్పటి చాలడం లేదు. కట్ట అక్కడక్కడ కుంగుతోంది, వాలులు జారుతున్నాయి, మరమ్మతు ఖర్చు పెరుగుతోంది. టుక్‌టోయాక్‌టుక్ తీరాన్ని సముద్రం కోసేస్తున్నందువల్ల 2020లో కొన్ని ఇళ్లను లోపలికి జరపవలసి వచ్చింది.

పీల్, మెకెంజీ నదుల మీద వంతెనలు నేటికీ లేవు. వేసవిలో రోడ్డు పడవ దాకా వెళ్లి ఆగుతుంది; చలికాలంలో మంచు మీదుగా సాగుతుంది. శరత్తులో నీరు గడ్డకట్టే వారాలూ, వసంతంలో మంచు పగిలే వారాలూ రెండూ కుదరవు. ఆ రోజుల్లో ఇనూవిక్ దుకాణాల్లో కూరగాయల ధర పెరుగుతుంది, లారీలు ఒడ్డున నిలిచిపోతాయి. ఫోర్ట్ మెక్‌ఫర్సన్‌లో నలుగురి సమాధులు చర్చి ఆవరణలో పక్కపక్కనే ఉన్నాయి. రోడ్డు ఆ ఊరి పక్క నుంచే పోతుంది. నది గట్టిపడిందని తేల్చేందుకు మనుషులు మంచుకు రంధ్రాలు తొలిచి మందం కొలుస్తారు. ముందుగా తేలిక బండ్లను వదులుతారు, తర్వాత లారీలను.