రెండు ఏర్లు, ఒక గాలి

అనంతగిరి గుట్టల మీద పడ్డ వాన రెండు దారులు పడుతుంది. తూర్పుకు దిగింది మూసీ అయి గండిపేటను నింపుతుంది. పడమటికి జారింది కాగ్నా అయి, తాండూరు దాటి కర్ణాటకలో భీమలో కలుస్తుంది. చివరికి రెండూ కృష్ణలోకే, అక్కణ్నుంచి హంసలదీవి దగ్గర సముద్రంలోకే.

ఈ నీళ్ల చరిత్రను 1908 సెప్టెంబరు మూసీ వరదతో మొదలుపెట్టడం ఆనవాయితీ. ఇంజినీరు విశ్వేశ్వరయ్య సలహా మీద ఉస్మాన్‌సాగర్ (గండిపేట) 1920కి పూర్తయింది. 1996 మార్చిలో వచ్చిన జీవో 111 ఉస్మాన్‌సాగర్, దాని జంట జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలను వద్దంది. కానీ వానాకాలపు గాలి పడమటిది. ఆ గీతకు చాలా ఆవల తాండూరు పొలాల మీదుగా, పొగగొట్టాల మీదుగా వికారాబాదు వైపు వీస్తుంది, దారిలో గాలిలోకి ఎగిరినదాన్ని వానలో కలుపుతూ.

వాన చినుకులో అమ్మోనియా ఉంటుందని జర్మన్ రసాయనవేత్త లీబిగ్ 1840లోనే రాశాడు. మొక్కల నత్రజనికి ఆ వానే ఆధారమనుకోవడం అతని పొరపాటు. 1886లో శాస్త్రవేత్త హెల్‌రీగెల్ అసలు గుట్టు బయటపెట్టాడు: పప్పుజాతి మొక్కలు గాలిలోని నత్రజనిని వేరు బుడిపెల్లోని సూక్ష్మజీవుల సాయంతో పట్టుకుంటాయి. తాండూరు రైతుకు ఇది పుస్తకంలో చదవాల్సిన పని లేదు. కందిమొక్కను మెల్లగా పెకలించి, బుడిపెను గోటితో చిదిమితే లోపల గులాబీ ఎరుపు కనిపిస్తుంది. ఆ రంగు ఉంటే బుడిపె పనిచేస్తున్నట్టే.

1909లో రసాయనవేత్త హేబర్ గాలి నుంచి అమ్మోనియాను తయారుచేసి చూపాక ఆ పని కార్ఖానాకెక్కింది. మన దగ్గర రామగుండంలో 1980లో బొగ్గుతో యూరియా తీశారు. సున్నం ఎక్కువున్న నేల మీద యూరియా చల్లి, మట్టి కప్పకుండా వదిలేస్తే కొంత అమ్మోనియాగా మారి ఎగిరిపోతుంది. తెల్లవారుజామున పశువుల కొట్టంలో ముక్కుకు తగిలే ఘాటు అదే. నేలలోని సున్నపురాయిని నమ్ముకుని 1980ల్లో తాండూరు దగ్గరి కరన్‌కోటలో సిమెంటు కార్పొరేషన్ ఫ్యాక్టరీ వెలిసింది. బట్టీ మంటలోని విపరీతమైన వేడికి గాలిలోని నత్రజనే కాలి ఆక్సైడ్లవుతుంది. ఒకే ఊళ్లో ఒకే గాలిని బుడిపె ఒకలా, బట్టీ మరొకలా కట్టేస్తాయి. బుడిపె పట్టినది చాలావరకు మొక్కకే పోతుంది, బట్టీది ఆకాశానికి పోతుంది. నా దృష్టిలో ఈ ప్రాంతపు పర్యావరణ చరిత్రకు కీలకం ఈ తేడాయే.

ఎగిరినదంతా వానతోనో దుమ్ముతోనో మళ్లీ దిగాల్సిందే. చెరువులో భాస్వరం కూడా తోడైతే నాచు, గుర్రపుడెక్క అల్లుకుంటాయి. అవి కుళ్లి ప్రాణవాయువును తినేస్తే చేపలు తేలతాయి. సముద్రతీరంలో నాచుకు తరచుగా కొరతపడేది నత్రజనే కాబట్టి అక్కడ కొంచెం చాలు.

2009 నవంబరు నాటి దేశపు గాలి ప్రమాణాల్లో అమ్మోనియా కూడా ఉంది. 2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు దక్కింది. అదే ఏడాది ఏప్రిల్‌లో, జీవో 111 ఆంక్షలను ఎత్తివేస్తూ జీవో 69 వెలువడింది.