పడుగుకు గంజి, కడుపుకు గంజి

మన వృత్తిలో గంజి అనే మాటకు రెండు అర్థాలు. ఒకటి పడుగుకు పెట్టేది. ఇంకొకటి ఉప్పు వేసుకొని తాగేది. రెండూ ఒకే పొయ్యి మీద, ఒకే రాగిపిండితోనో బియ్యంతోనో కాగేవి. ఇంట్లో పిండి తక్కువైన రోజున ముందు పడుగుకే పెట్టేవాళ్లమని మా పెద్దలు చెప్పేవారు. పడుగుకు గంజి లేకపోతే నూలు తెగుతుంది, నూలు తెగితే గుడ్డ లేదు, గుడ్డ లేకపోతే కూలి లేదు. కాబట్టి పిల్లలు ఆగాలి, పడుగు ఆగకూడదు. ఈ ఒక్క మాటలో మన కుటుంబాల తిండి చరిత్ర అంతా ఉంది.

మన సమాఖ్య వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగారు. మన కులపురాణం, గుళ్ల చరిత్ర రాసేవారు చాలామంది ఉన్నారు. మేము సొసైటీ లెక్కలు రాసేవాళ్లం. కూలి వచ్చినప్పుడు ఇంట్లో ఏం వండారు, రానప్పుడు ఏం మానేశారు, అప్పుడు సర్కారు ఇచ్చిన తిండి ఏ మేరకు ఆదుకుంది అనేదే మాకు తెలిసిన చరిత్ర. అదే రాస్తున్నాం.

1876-78 కరువును మద్రాసు రాజధాని, మైసూరు, హైదరాబాదు, బొంబాయి దక్కను ప్రాంతాలు అన్నీ చూశాయి. అప్పుడు కరువు పనుల్లో రోజు కూలిని తగ్గించి, మగమనిషికి ఒక పౌను ధాన్యం, దానిపైన కొద్దిపాటి డబ్బు అని లెక్క కట్టారు. రిచర్డ్ టెంపుల్ అనే దొర పెట్టిన లెక్క అది. పౌను అంటే అర కిలో కూడా లేదు. రోజంతా రాళ్లు కొట్టే మనిషికి అది చాలదని మద్రాసు ఆరోగ్య అధికారి కార్నిష్ వాదించాడు. ఎంత తిండి ఉంటే మనిషి నిలబడతాడు అనే వాదన మన దేశంలో సర్కారు కాగితాల మీదికి గట్టిగా ఎక్కింది అప్పుడే.

నేతవాడికి ఇంకో కష్టం ఉండేది. వాడి చెయ్యి నాడె పట్టే చెయ్యి. రాళ్లు కొడితే వేళ్లు మొద్దుబారి మళ్లీ సన్నపు నూలు పట్టలేవు. తిండి కోసం పోతే పనితనం పోతుంది, పనితనం కాపాడుకుంటే తిండి లేదు. 1901 నాటి కరువు కమిషన్ నేతవాళ్లకు వాళ్ల సొంత వృత్తిలోనే సాయం చేయాలని చెప్పింది. అంటే నూలిచ్చి గుడ్డ కొనడం. ఈ మాట మనం మరిచిపోకూడదు. నేతవాడికి మంచి సాయం అంటే పని, తర్వాతే గంజి.

1935లో మద్రాసులో చేనేత సహకార సంఘాల పై సంఘం ఏర్పడింది. అదే ఇప్పటి కో-ఆప్టెక్స్. మా సంఘాలన్నీ ఆ నీడలోనే పెరిగాయి. సంఘం వచ్చాక ఇంటి వంట ఎట్లా మారిందంటే, కూలి రోజు తెలిసింది. షావుకారు దగ్గర అడ్వాన్సు తీసుకున్న ఇంట్లో కూలి ఎప్పుడు చేతికొస్తుందో ఎవరికీ తెలియదు. కూలి రోజు తెలిసిన ఇంట్లో ఆడవాళ్లు కొట్టు అరువు తగ్గించి, పప్పు నెలకు సరిపడా ఒకేసారి కొన్నారు. అయితే వానాకాలం సంగతి వేరు. ఐప్పసి, కార్తీక మాసాల్లో మగ్గం గుంటలో నీళ్లు ఊరతాయి, గంజి పెట్టిన పడుగు ఎండదు. ఆ రెండు నెలలూ సొసైటీ పుస్తకంలో మా కూలి కాలమ్ ఖాళీగానే ఉండేది.

కూలి తగ్గినప్పుడు ఇంట్లో ఒక వరస ఉంటుంది. ముందు పాలు పోతాయి. తర్వాత ఆదివారం మాంసం, తర్వాత కూరగాయలు, తర్వాత పప్పు. అన్నం చివరిదాకా నిలుస్తుంది. ఆ తగ్గింపు కూడా అందరికీ ఒకేలా ఉండదు. మగ్గం మీద కూర్చునేవాడికి కంచం నిండుతుంది, పిల్లలకు సగం, కండెలు చుట్టే ఆడమనిషికి అడుగున మిగిలింది. మన ఇళ్లల్లో ఆడవాళ్లకు రక్తం తక్కువ అని డాక్టరమ్మ చెప్పినప్పుడల్లా మేము మందు బిళ్లలు కొన్నాం గానీ, ఈ వరస మార్చలేదు. తప్పు మాది కూడా.

బడి భోజనం ఈ వరసను కొంత తిప్పింది. కామరాజ్ గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు 1956లో మధ్యాహ్న భోజనం మొదలైంది. ఎం.జి.ఆర్. గారు 1982 జులై 1న దాన్ని పౌష్టికాహార పథకంగా పెద్దది చేశారు. ముందు పల్లెల్లో, ఆ సెప్టెంబరులో పట్టణాల్లో, 1984లో 15 ఏళ్ల పిల్లల దాకా. 1989లో రెండు వారాలకొక కోడిగుడ్డు వచ్చింది. 2010 నాటికి వారానికి ఐదు గుడ్లు అయ్యాయి. మన ఇళ్లల్లో దీని ఫలితం ఏమిటంటే, కండెలు చుట్టడానికి ఇంట్లో ఆపుకున్న ఆడపిల్లను బడికి పంపాం. ఒక పూట తిండి మిగులుతుంది అని లెక్కేసే పంపాం, దాచేదేముంది. కానీ ఆ పిల్లలు చదువుకున్నారు. ఇప్పుడు ఈ సంచికను కంప్యూటర్లో అచ్చుకూర్చేది వాళ్లే.

2001-02 మాకు చెడ్డకాలం. గుడ్డ గోదాముల్లో పడిపోయింది, సంఘాలకు డబ్బు రాలేదు, మగ్గాలు ఆగాయి. తమిళనాట నేతవాళ్ల ఊళ్లల్లో గంజి తొట్లు తెరిచారు. వీధిలో అండా పెట్టి, వరసలో నిలబెట్టి గంజి పోశారు. పది రకాల రంగులు కలిపి పెళ్లిచీర నేసినవాళ్లు చెంబు పట్టుకుని నిలబడ్డారు. కొంతమంది మగవాళ్లు సిగ్గుపడి రాలేదు, పిల్లలను పంపారు. మేము సంఘం తలుపు దగ్గర నిలబడి చూశాం. సభ్యులకు ఇవ్వాల్సిన కూలి మా పుస్తకంలో బాకీగా ఉంది. ఎవరినీ తలెత్తి చూడలేకపోయాం. గంజి పోసినవాళ్లను తప్పుపట్టం, ఆ రోజు అది ప్రాణం నిలిపింది. కానీ 1901లో చెప్పిన మాట 100 ఏళ్ల తర్వాత కూడా నెరవేరలేదే అని బాధ.

ఆ కాలంలోనూ మమ్మల్ని ఆదుకున్నది రేషను కొట్టు. 1997లో దేశమంతా పేదలకు వేరు కార్డు, మిగతావారికి వేరు కార్డు అని విడదీస్తే, తమిళనాడు మాత్రం అందరికీ బియ్యం అనే పద్ధతి వదలలేదు. నేతవాడి రాబడి ఒక నెల ఉంటుంది, ఒక నెల ఉండదు. వాడు పేదవాడా కాదా అని ఏ నెల చూసి రాస్తారు? అందరికీ ఇవ్వడం వల్ల మనవాళ్లు జాబితాలో తప్పిపోలేదు. 2006లో కిలో 2 రూపాయలు, 2008లో 1 రూపాయి, 2011 జూన్ నుంచి ఉచితం. 2007లో కందిపప్పు, మినప్పప్పు, పామాయిలు తక్కువ ధరకు ఇవ్వడం మొదలైంది. మా లెక్క ప్రకారం బియ్యంకన్నా ఆ పప్పే మన ఇళ్లకు పెద్ద మేలు. కూలి తగ్గితే ముందే పోయే పప్పును అది కంచంలో నిలబెట్టింది.

మన బంధువులు వేరే రాష్ట్రాల్లో వేరే పద్ధతులు చూశారు. యానాంలో, పుదుచ్చేరి పాలన కింద, 2015 నుంచి బియ్యం బదులు బ్యాంకులో డబ్బు వేయడం మొదలుపెట్టారు. కర్ణాటకలో 2013లో అన్నభాగ్య వచ్చింది. 2023లో అదనపు 5 కిలోలకు బదులు మనిషికి 170 రూపాయలు వేసి, 2025లో మళ్లీ బియ్యమే ఇచ్చారు. డబ్బు మంచిదా బియ్యం మంచిదా అని మనవాళ్లు కలిసినప్పుడల్లా వాదన. డబ్బు ఇంటి పెద్ద చేతికి పోతుంది, బియ్యం కుండలోకి పోతుంది అని ఆడవాళ్లు అంటారు. మాకు అది సరిగానే తోస్తుంది.

ఇక ఒక సంగతి చెప్పి ముగిస్తాం. మా తాతల కాలంలో సంకటి, సజ్జలు తిన్నాం. ఉచిత బియ్యం వచ్చాక మూడు పూటలా తెల్లన్నం. ఆకలి పోయింది, నిజం. కానీ రోజంతా మగ్గం దగ్గర కూర్చునే మనిషికి మూడు పూటలా అన్నమే అయితే షుగరు వచ్చి కూర్చుంటుంది. ఇప్పుడు మా సంఘంలో మీటింగుకొచ్చే పెద్దవాళ్లల్లో మందు డబ్బా లేనివాళ్లు తక్కువ. ఒకప్పుడు తిండి లేక జబ్బు, ఇప్పుడు ఒకే తిండి వల్ల జబ్బు.

కాబట్టి మన సంఘాల పెద్దలకు మా మనవి ఇదే. కూలి బాకీ పెట్టకండి, వానాకాలానికి ముందే కొంత పొదుపు విడిగా ఉంచండి. రేషనులో రాగులు, పప్పు అడగండి. ఇంట్లో కండెలు చుట్టే చేతికి ముందు కంచం పెట్టండి. గంజి పడుగుకు పెడదాం. కడుపుకు దానికన్నా మంచిది పెట్టే రోజులు మన చేతుల్లోనే ఉన్నాయి.