అపాయపు గొలుసు – ఆచూకీ: గుంతకల్లు రైలుమార్గాల నేపథ్యంలో చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
అగ్నిప్రమాదం వంటి ఆపదను తెలిపే సాధనం అందరి చేతికీ అందాలి. అలా అందేది ఆకతాయి చేతికీ అందుతుంది. ఈ చిక్కును భవనాలు, రైళ్లు ఎలా ఎదుర్కొన్నాయో, రైలు అలారం గొలుసు ప్రధానాంశంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. దుర్వినియోగం చేసినవారి ఆచూకీ తీయడంపై పెట్టిన శ్రద్ధ, నిజమని నమ్మి గొలుసు లాగిన ప్రయాణికుడి రక్షణపై అంతగా పెట్టలేదని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అలారం గొలుసు, అగ్నిప్రమాద సంకేతం, దుర్వినియోగం, గుంతకల్లు, రైల్వే చట్టం.

1. ఉపోద్ఘాతం:
1871లో మద్రాసు రైల్వే, గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే రాయచూరు వద్ద కలవడంతో మద్రాసు–బొంబాయి మార్గం పూర్తయింది. ఆ మార్గంపై ఉన్న గుంతకల్లు క్రమంగా బళ్లారి, నంద్యాల, ధర్మవరం దిక్కుల మార్గాలకూ కూడలి అయింది. గుంతకల్లు డివిజన్ 1977 అక్టోబరు 2న దక్షిణ రైల్వే నుంచి దక్షిణ మధ్య రైల్వేకు మారింది. ఇటువంటి కూడలికి వచ్చే దారిలో ఒక బండి అకారణంగా ఆగితే వెనుక బండ్లూ నిలిచిపోతాయి. మెట్ట ప్రాంతంలో రెండు స్టేషన్ల నడుమ బండి ఆగితే బయటి సహాయం చేరడానికీ సమయం పడుతుంది. అందువల్ల గొలుసు లాగడం ఒక పెట్టెకు పరిమితమైన విషయం కాదు.

2. భవనాలలో ఆచూకీ పద్ధతులు:
1852లో అమెరికాలోని బోస్టన్ నగరంలో తంతి ద్వారా అగ్నిప్రమాద సంకేతాన్ని పంపే వ్యవస్థ మొదలైంది. వీధి పెట్టెలకు తాళాలు వేసి, తాళంచెవులను పోలీసులకు, బాధ్యతగల గృహస్థులకు అప్పగించారు. తరువాత అమెరికా నగరాలలో సంఖ్య వేసిన తాళంచెవులు వచ్చాయి. పెట్టె తెరిచినవారి తాళంచెవి అందులోనే చిక్కుకుపోయేది. అగ్నిమాపక అధికారి వచ్చి విడిపించాలి. సంకేతం పంపినవారెవరో ఆ సంఖ్యే చెప్పేది. అయితే మంట కళ్లెదుట ఉన్నా తాళంచెవి లేనివారు నిస్సహాయులయ్యారు.

ఆధునిక భవనాలు తాళాన్ని వదిలి జాడను నిలుపుకున్నాయి. అద్దం పగలగొట్టి నొక్కే మీటలో పగిలిన అద్దమే సాక్ష్యం. కొన్నిచోట్ల మీటపై ఉన్న పారదర్శక మూత ఎత్తగానే అక్కడికక్కడే శబ్దం వస్తుంది. చుట్టుపక్కలవారి చూపులే ఆకతాయిని ఆపుతాయి. మీటను ముట్టిన చేతికి అంటుకునే రంగునూ కొందరు వాడారు. ప్రతి మీటకూ ప్రత్యేక సంఖ్య ఉండే నేటి వ్యవస్థలో, ఏ మీట ఏ సమయంలో పనిచేసిందో నియంత్రణ ఫలకం నమోదు చేస్తుంది. సీసీ కెమెరా దృశ్యాలను ఆ సమయంతో పోల్చి చూస్తారు.

3. గొలుసు నిర్మాణం:
ఇరవై మైళ్లకు పైగా ఆగకుండా నడిచే రైళ్లలో ప్రయాణికులు సిబ్బందికి సంకేతం పంపే సాధనం ఉండాలని 1868లో బ్రిటిష్ చట్టం నిర్దేశించింది. అకారణంగా వాడినవారికి ఐదు పౌండ్ల వరకు జరిమానా విధించింది. తొలినాళ్లలో పెట్టెల వెలుపల కట్టిన తాడు గంటను మోగించేది; ఎవరు లాగారో చెప్పేది కాదు.

గొలుసును బ్రేకుతో కలపడంతో ఈ లోపం కొంత తీరింది. భారతీయ రైలుపెట్టెలో గొలుసు లాగితే పెట్టె చివరనున్న కవాటం తెరుచుకుని బ్రేకు గొట్టంలోని పీడనం మారుతుంది. డ్రైవరుకు ఆ మార్పు కనిపిస్తుంది, బండి వేగం తగ్గుతుంది. పాత పెట్టెల చివర ఎర్రని బిళ్ల తిరిగి నిలిచేది. లాగినవారు గొలుసును వదిలేసినా ఆ గుర్తు చెరగదు. సిబ్బంది వచ్చి పెట్టె చివర సరిచేయాలి. సంఖ్య వేసిన తాళంచెవి మనిషిని పట్టించింది. గొలుసు పెట్టెను మాత్రమే పట్టిస్తుంది. ఆపై తోటి ప్రయాణికుల సాక్ష్యమే ఆధారం.

4. చట్టపు భాష:
1890 నాటి భారతీయ రైల్వే చట్టం 108వ సెక్షన్ గొలుసు దుర్వినియోగానికి యాభై రూపాయల వరకు జరిమానా నిర్ణయించింది. 1989 చట్టం 141వ సెక్షన్ ప్రకారం ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ప్రత్యేక కారణాలు లేనప్పుడు తొలి నేరానికి కనీసం ఐదు వందల రూపాయల జరిమానా, మళ్లీ చేస్తే కనీసం మూడు నెలల జైలు. సొంత ఊరి దగ్గర దిగడానికో, ఆలస్యమైన బంధువు కోసమో లాగేవారికి ఇది హెచ్చరిక. సహేతుకమైన, తగిన కారణం లేకపోతేనే అది నేరం. భయంతో పొరబడిన ప్రయాణికుడికి ఆ మాటలే రక్ష.

5. 2013: రెండు ఘటనలు:
2013 నవంబరు 2న విజయనగరం జిల్లా గొట్లాం వద్ద అలెప్పీ–ధన్‌బాద్ ఎక్స్‌ప్రెస్‌లో మంటలు లేచాయన్న వదంతి వ్యాపించింది. గొలుసు లాగారు, బండి ఆగింది. పక్క పట్టాలపైకి దిగినవారిని మరో రైలు ఢీకొనడంతో కనీసం 8 మంది మరణించారు. రెండు నెలలు తిరగకముందే, డిసెంబరు 28న, నాటి అనంతపురం జిల్లాలోని కొత్తచెరువు వద్ద బెంగళూరు–నాందేడ్ ఎక్స్‌ప్రెస్‌లో నిజంగానే మంటలు చెలరేగి 26 మంది బలయ్యారు. అది గుంతకల్లు మీదుగా వెళ్లే బండి.

ఒకచోట మంట లేకుండానే భయం ప్రాణాలు తీసింది. మరొకచోట మంటే తీసింది. గొలుసును అందకుండా చేస్తే కొత్తచెరువు వంటి చోట ముప్పు పెరుగుతుంది. శిక్షను ఎంత పెంచినా గొట్లాం వంటిది ఆగదు. అక్కడ లాగినది ఆకతాయితనంతో కాదు. 2025 జనవరి 22న మహారాష్ట్రలోని జల్గావ్ జిల్లాలో అదే పునరావృతమైంది. మంటల వదంతితో పుష్పక్ ఎక్స్‌ప్రెస్ నుంచి దిగినవారిని కర్ణాటక ఎక్స్‌ప్రెస్ ఢీకొని కనీసం 12 మంది చనిపోయారు. ఢీకొన్న ఆ బండి బెంగళూరు నుంచి గుంతకల్లు మీదుగా ఢిల్లీకి వెళ్లేదే.

6. ముగింపు:
తాళంచెవి నుంచి ఎర్రబిళ్ల వరకు ఈ సాధనాల చరిత్ర ప్రధానంగా "ఎవరు లాగారు?" అనే ప్రశ్న చుట్టూ నడిచింది. గొట్లాంలో అవసరమైనది వేరే సమాధానం: బండి ఆగాక మంట ఉందో లేదో, ఏ వైపు దిగాలో ప్రయాణికుడికి చెప్పే గొంతు. గొలుసు ప్రయాణికుడి మాటను సిబ్బందికి చేరవేస్తుంది, సిబ్బంది మాటను తిరిగి తేలేదు. వందే భారత్ రైళ్లలో సిబ్బందితో మాట్లాడే సాధనం ఉండటం ఈ దిశలో ముఖ్యమైన మార్పు. ఆ సౌకర్యం సాధారణ పెట్టెలకూ చేరాలి. దోషిని గుర్తించడం ఎంత అవసరమో, భయపడినవారికి బదులివ్వడమూ అంతే అవసరమని ఈ పరిశీలన తెలుపుతోంది.