పట్టు ఎవరిది? పేరు ఎవరికి?

మా నూజివీడు తోటల్లో చిక్కం కర్ర పట్టడమే ఎరిగిన నాకు, విశాఖలో గుమాస్తాగా ఉన్నప్పుడు ఒక అధికారి గోల్ఫు కర్ర ఇచ్చారు. గుప్పిట బిగించాను. "మీ నూజివీడు రసం పట్టుకున్నట్టు పట్టవయ్యా, పిసికేస్తే ఎలా?" అన్నారు.

కుడిచేతి చిటికెనవేలు ఎడమచేతి చూపుడువేలిపై ఆనాలి. దీనికి 'వార్డన్ పట్టు' అని పేరు. తోటమాలి కొడుకైన హ్యారీ వార్డన్ 1896-1914 మధ్య ఆరుసార్లు బ్రిటిష్ ఓపెన్ గెలిచి ఈ పట్టును లోకానికి తెలిపాడు. అయితే అంతకుముందే ఇలా పట్టినవాడు స్కాట్లాండ్‌కు చెందిన జానీ లెయిడ్లే. 1889, 1891లలో బ్రిటిష్ అమెచ్యూర్ విజేత.

ముసాయిదా ఒకరిది, సంతకం మరొకరిది! మనకిది కొత్త కాదుగదా. అందుకే మనవడికి పట్టు నేర్పేటప్పుడు ముందుగా లెయిడ్లే పేరే చెప్పాను.