'ప్రయత్నించు'టయా, 'పూనుకొను'టయా?

నెల్లూరికి దక్షిణమున, చెన్నపట్టణము పోవు రాజమార్గముపై వెంకటాచలమున్నది. మైసూరులో నుండిన ప్రాచీన తెలుగు విశిష్ట అధ్యయన కేంద్రము 2020లో అచ్చటికి తరలివచ్చినది. ఆ ప్రాంతపు శ్రోత యొకరు మాకు లేఖ వ్రాయుచు, ఆంగ్లమునందలి 'ఎండెవర్' అను క్రియకు సరియైన తెలుగేమని అడిగిరి. 'ప్రయత్నించు' అని ఒక్క ముక్కలో చెప్పి ఊరకుండవచ్చును. కాని ఆ క్రియకును, నెల్లూరు జిల్లా చరిత్రకును దగ్గర సంబంధమున్నది. అందుచే కొంత విస్తరించి చెప్పదలచితిమి.

ఇది ఇంటింట వినవచ్చు మాట కాదు. మూసిన తలుపు తీయబోవు ఆంగ్లేయుడు 'ట్రై' అనును గాని 'ఎండెవర్' అనడు. శాసనములలో, సంధిపత్రములలో, ప్రభుత్వపు ఉత్తరములలో దీనికి చోటు. దీని పుట్టుక తెలిసికొనదగినది. ఫ్రెంచి భాషలో 'దెవ్వార్' అనగా కర్తవ్యము. 'తన్ను తాను కర్తవ్యమునందు నిలుపుకొనుట' అను అర్థముగల పాత పలుకుబడి నుండి ఈ ఆంగ్లక్రియ ఏర్పడినది. రానురాను కర్తవ్యము మరుగుపడి ప్రయత్నము మాత్రము మిగిలినది.

1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగమున ఈ క్రియ పలుమారులు కనబడును. 47వ అధికరణము ప్రజల పోషణను, ఆరోగ్యమును పెంపొందించుట రాజ్యముయొక్క ప్రాథమిక కర్తవ్యములలో నొకటిగా చెప్పి, ఔషధావసరములకు తప్ప మత్తుపానీయముల వాడుకను నిషేధించుటకు రాజ్యము 'ఎండెవర్' చేయవలెనన్నది. 'నిషేధింపవలెను' అనలేదు. ఇట్టి ఆదేశిక సూత్రములను న్యాయస్థానములు అమలుపరుపజాలవని 37వ అధికరణము తెలిపినది; అయినను శాసనములు చేయునపుడు వానిని పాటించుట రాజ్యమునకు విధి యని కూడ అదే అధికరణము చెప్పినది. అనగా ప్రయత్నము, కర్తవ్యము అను రెండర్థములును అందే ఉన్నవి. ఏది గ్రహించుటయో పాలించువారి చిత్తమునకు వదలబడినది.

ఆ చిత్తము నిలకడగా నుండలేదు. ఆంధ్రరాష్ట్రమున మద్యనిషేధపు సమస్యపైననే 1954 నవంబరులో ప్రకాశంగారి మంత్రివర్గము ఒక్క వోటు తేడాతో పడిపోయినది. తరువాత నిషేధము సడలినది. సారా అమ్మకము ఖజానాకు ఆదాయమైనది. కూలి డబ్బు దుకాణమునకు పోయిన యింట పొయ్యి వెలుగలేదు.

1990 తరువాత నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమము సాగినది. పగలెల్ల చేనిలో పాటుపడిన స్త్రీలు రాత్రి పలక పట్టిరి. వారి వాచకమున 'సీతమ్మ కథ' అను పాఠముండెను. పాఠము చదివినవారు తమ బ్రతుకులను గూర్చి మాటలాడుకొనిరి. కలిగిరి మండలములోని దూబగుంట స్త్రీలు తమ ఊరి సారా అమ్మకమును ఆపించిరి. ఆ వృత్తాంతమే మరల పాఠమై ఇతర గ్రామముల కందెను. 1992లో ఉద్యమము జిల్లా దాటి వ్యాపించినది. సారా వేలములను స్త్రీలు అడ్డగించిరి. 1993 ఏప్రిలులో నెల్లూరు జిల్లాలోను, అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటను సారా నిషేధింపబడినది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది. 1997లో అది సడలింపబడినది.

రాజ్యము చేసినది ప్రయత్నము. ప్రయత్నించినవాడు ఫలింపలేదని చెప్పి తప్పుకొనవచ్చును. దూబగుంట స్త్రీలు చేసినదానికి మన భాషలో వేరొక మాట యున్నది: పూనుకొనుట. భారమును తనపై వేసికొన్నవారే పూనుకొన్నవారు. మరుగుపడిన 'దెవ్వార్' ఈ మాటలో సజీవముగా నున్నది. ఆ స్త్రీలు ఆంగ్లపదము నెరుగకయే దాని తొలి యర్థమును ఆచరించి చూపిరి.

కావున వెంకటాచలపు శ్రోతకు మా సమాధానమిది. ఉత్తరములో 'ఎండెవర్' కనబడినచో 'ప్రయత్నించు' అని వ్రాసికొనవచ్చును. రాజ్యాంగములో కనబడినచో మాత్రము 'పూనుకొను' అని చదువుకొనుడు. ఏలువారు కూడ అట్లే చదువుకొనిరా యని అడుగు హక్కు మనకున్నది.