రెక్కల సింహం ఉన్న ఊరు

మా ఊరు చూడ్డానికి వచ్చే తెలుగువాళ్లు సాన్ మార్కో చౌకులో నిలబడగానే అడిగే ప్రశ్న ఒకటుంది: ఆ స్తంభం మీది సింహం మార్కుగారి వాహనమా? వెనిస్‌కు వచ్చిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను. శివుడి ముందు నందిని, దుర్గమ్మ కింద సింహాన్ని చూస్తూ పెరిగిన కళ్లాయె. కానీ ఈ సింహం మీద ఎవరూ ఎక్కరు. ఈ సింహమే మార్కు.

బైబిల్లోని యెహెజ్కేలు దర్శనంలో, ప్రకటన గ్రంథంలో మనిషి, సింహం, ఎద్దు, పక్షిరాజు రూపాలు కనిపిస్తాయి. ఆ నాలుగింటినీ తొలినాటి క్రైస్తవ పండితులు నలుగురు సువార్తికులకు పంచారు. పంపకం ఒక్కసారిగా తేలలేదు. రెండో శతాబ్దంలో ఇరేనియస్ సింహాన్ని యోహానుకిచ్చి, మార్కుకు పక్షిరాజునిచ్చాడు. తర్వాత జెరోమ్ చేసిన పంపకమే నిలిచింది: మత్తయికి మనిషి, లూకాకు ఎద్దు, యోహానుకు పక్షిరాజు. మార్కు సువార్త అరణ్యంలో వినిపించే కేకతో మొదలవుతుంది కనుక అతనికి సింహం. ఇరేనియస్ మాటే చెల్లి ఉంటే మా జెండా మీద ఇవాళ గద్ద ఉండేది!

అసలు ఈ ఊరి మొదటి రక్షకుడు మార్కు కాదు, థియోడోర్. 828లో ఇద్దరు వెనిస్ వర్తకులు అలెగ్జాండ్రియా నుంచి మార్కు అస్థికలను దొంగతనంగా తెచ్చారని, సుంకం అధికారులు ముట్టుకోకుండా పైన పందిమాంసం కప్పారని కథ. మా వాళ్లు దీన్ని దాచుకోలేదు సరికదా, చర్చి గోడల మీద మొజాయిక్‌గా అతికించుకున్నారు. పాపం థియోడోర్, పక్క స్తంభం మీద మొసలిలాంటి జంతువును తొక్కుతూ ఇప్పటికీ నిలబడి ఉన్నాడు.

సాన్ మార్కో చర్చి లోపలికి వెళ్తే తలెత్తి, గుమ్మటాల కింది మూలలు చూడాలి. చాలామంది బంగారం మెరుపు చూసి బయటికొచ్చేస్తారు. పడమటి గుమ్మటం కింద నాలుగు మూలల్లో నలుగురు పెద్ద దేవదూతలు. నడిమి గుమ్మటంలో క్రీస్తును దేవదూతలు పైకి మోసుకుపోతుంటే, దాని మూలల్లో నలుగురు సువార్తికులు రాతబల్లల ముందు కూర్చుని ఉంటారు, అచ్చం మన కరణాల్లాగా. వాళ్ల కింద స్వర్గంలోని నాలుగు నదులు. బలిపీఠం పైనున్న తూర్పు గుమ్మటం దగ్గరికి వచ్చేసరికి మనుషులు మాయమై గుర్తులే మిగులుతాయి. అక్కడ మత్తయి గుర్తు దగ్గర మా చుట్టాలు తప్పకుండా పొరబడతారు. రెక్కలున్నాయి కదా, దేవదూతే అంటారు. కాదు, మనిషే. నాలుగింటికీ రెక్కలుంటాయి.

అసలైన దేవదూతను చూడాలంటే బయట గంటగోపురం కొనకు చూడాలి. 421 మార్చి 25న, గబ్రియేలు మరియకు శుభవార్త చెప్పిన పండుగనాడు, ఊరు పుట్టిందని పుక్కిటి పురాణం. అందుకే బంగారు పూత పూసిన గబ్రియేలు అక్కడ గాలివాటుకు తిరుగుతుంటాడు. 1902 జూలై 14న గోపురం కుప్పకూలింది. 1912లో అదే చోట, అదే తీరున మళ్లీ లేపారు.

ఇక స్తంభం మీది కంచు సింహం. దాదాపు 3 టన్నుల ఈ విగ్రహాన్ని మార్కు కోసం పోతపోయలేదు. ఎక్కడిదో పాత మృగం. రెక్కలు తర్వాత తగిలించారు. ఆ కంచులోని రాగి చైనాలోని యాంగ్జీ పరీవాహక ప్రాంతానిదని, అది టాంగ్ కాలపు సమాధి కావలి మృగం కావచ్చని 2024లో పాడువా పరిశోధకులు అన్నారు. నాకైతే ఈ మాట నచ్చింది. అస్థికలే దొంగసొత్తయిన ఊళ్లో సింహం మాత్రం సొంతదై ఉండాలా?

1797లో వెనిస్ గణతంత్రం కూలాక ఫ్రెంచివాళ్లు ఈ సింహాన్ని పారిస్ పట్టుకుపోయారు. 1815లో అక్కడ దింపుతుండగా ముక్కలైంది. అతికించి తిరిగి నిలిపారు. ఊళ్లోని రాతి సింహాలకు ఆపాటి అదృష్టం కూడా లేదు. దేవుడి మీద కోపంతో కాదు, పడిపోయిన ప్రభుత్వానికి గుర్తని ఉలులతో చెక్కించేశారు. రెక్కలు ముడుచుకుని ఎదురుగా చూసే సింహాన్ని ఇక్కడివాళ్లు మొయేకా అంటారు, అంటే మెత్తపెంకు పీత. అలాంటిదే ఒకటి మా సందు చివర బావి రాతి మీద ఉండేదట. ఇప్పుడు గరుకు మచ్చ మాత్రం ఉంది. చుట్టాలను అక్కడికీ తీసుకెళ్తాను. కాసేపు చూసి, "సింహమేదండీ?" అంటారు.